పాస్‌పోర్టు సైజు బతుకులు

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినం సందర్భంగా చిక్కడపల్లిలో చిన్న స్టూడియోల ఫోటోగ్రాఫర్ల నడుమ చేసిన ప్రసంగ పాఠం)



1839 ఆగస్టు 19న ఫ్రాన్స్‌లో ఫోటో తీసే విద్యను మొదటిసారి బహిరంగంగా విప్పి చెప్పిన్రు. అందుకే ఈ దినం. ఈ దినాన పెద్ద కెమెరాల గురించి, పేరున్న ఫోటోగ్రాఫర్ల గురించి మాట్లాడుతరు. మాట్లాడాలె కూడ. కానీ మేం ఇయ్యాల పది అడుగుల వెడల్పున్న గది గురించి మాట్లాడుతం. ముందట ఒక అద్దాల పెట్టె, దాన్ల ఎవరివో పెండ్లి ఫోటోలు. లోపల ఒక స్టూలు, రెండు లైట్లు, వెనుక ఒక నీలం పరదా. మూలకు ఒక చిన్న అద్దం, దారానికి కట్టిన దువ్వెన. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాడల్ల చదువుకున్నోడు ఎవడైనా ఈ గదిల ఒక్కసారన్న ఆ స్టూలు మీద కూసొని గదుమ పైకెత్తి ఉంటడు.

ఈ గది నడుపుడే బతుకుగా ముప్పై, నలభై యేండ్లు గడిపినోళ్లు ఇక్కడ ముందు వరుసల కూసున్నరు. వాళ్ల పనిని వ్యాపారం అంటున్నరు గానీ, లెక్క చూస్తే కూలి కంటే రెండు పైసలు ఎక్కువ, పంతులు జీతం కంటే చానా తక్కువ. అయినా తెలంగాణ చరిత్రల సగం వీళ్ల అటక మీద అట్ట పెట్టెలల్ల ఉన్నది. మేం చెప్పదలుచుకున్నది ఇదే.

ఈ వాడలే ఎందుకు?

స్టూడియో ఎక్కడ పడితే అక్కడ నడువది. ఈ మూడు వాడల్ల నడిచిందంటే దానికి కారణాలున్నయి. ఒకటి, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. జిల్లాల నుంచి వచ్చిన పోరగాండ్లు పొద్దుగాల వచ్చి కుర్చీ పట్టుకుంటే రాత్రి దాంక లేవరు. రెండు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మూడు, నారాయణగూడ బడులు, కాలేజీలు. నిజాం కాలంల తెలుగుల ఆడపిల్లలకు చదువు చెప్పాలని మాడపాటి హనుమంతరావు తండ్లాడి నిలబెట్టిన బడి నారాయణగూడల్నే ఉన్నది. రెడ్డి మహిళా కాలేజీ ఆడనే, కేశవ్ మెమోరియల్ ఆడనే. హాల్ టికెట్టు, బస్ పాసు, ఐడీ కార్డు, స్కాలర్‌షిప్ ఫారం, ఏదైనా ఫోటో లేనిది ముందుకు పోదు.

నాలుగోది సినిమా. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల సంధ్య, సుదర్శన్, దేవి, ఇటు నారాయణగూడ శాంతి. ఐతారం నాడు కుటుంబం అంతా మంచి బట్టలు కట్టుకొని ఆటకు వచ్చేది. మంచి బట్టలు కట్టుకున్న రోజే ఫోటో దిగే రోజు. ఆటకు ఇంక గంట ఉన్నదంటే స్టూడియో బెంచీ నిండేది. అయిదోది త్యాగరాయ గానసభ. అరంగేట్రాలు, సన్మానాలు, పుస్తకావిష్కరణలు. శాలువా కప్పేటప్పుడు ఫ్లాష్ వెలగకపోతే ఆ సన్మానం జరిగినట్టే కాదు గదా!

ఇట్ల దరఖాస్తు, చదువు, సినిమా, సభ, వీటి మీద ఆధారపడి చిన్న స్టూడియో బతికింది. ఈటిల్ల ఒక్కొక్కటి సన్నబడ్డ కొద్దీ స్టూడియో కూడ సన్నబడ్డది.

చీకటి గది చదువు

ఇయ్యాల ఫోటో అంటే వేలుతో ఒత్తుడు. అప్పుడు ఫోటో అంటే చేతులు కాలుడు, కండ్లు మండుడు. యాషికా, రోలీఫ్లెక్స్ లాంటి పెట్టె కెమెరాల్ల 120 రోల్ ఎక్కిస్తే చదరపు బొమ్మలు పన్నెండే. పదమూడోది లేదు. కండ్లు మూసినా, తల తిప్పినా నష్టం స్టూడియో ఆయనదే. అందుకే 'కదలకు' అని గదమాయించేటోళ్లు. అది కోపం కాదు, ఫిలిం ఖర్చు.

తీసినంక చీకటి గది. ఫిలిం కడిగేటప్పుడు కటిక చీకటి. కాగితం మీద అచ్చు వేసేటప్పుడు ఎర్ర బల్బు. డెవలపర్ల ఎంతసేపు ఉంచాలె, ఎప్పుడు తీసి హైపోల వెయ్యాలె, ఎంతసేపు నీళ్లల్ల కడగాలె, ఇదంతా మనసుల లెక్క. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ఫిలిం మీది పూత మెత్తబడుతది, దానికి మంచుగడ్డ తెచ్చుకోవాలె. నల్లా రాని రోజు పనే ఆగుతది. కరెంటు పోతే ఎన్‌లార్జర్ కండ్లు మూసుకుంటది. రసాయనాల్ల నాని నాని గోర్లు గోధుమ రంగు తిరిగిన చేతులు ఇక్కడ ఇంకా ఉన్నయి, చూడున్రి.

తర్వాత రీటచింగ్. సన్నగ చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద చుక్క చుక్కగ దిద్దుడు. మొటిమ మచ్చలు, కండ్ల కింది నలుపు, అన్నీ గోరంత బొమ్మ మీద సరిచేసేది. పెండ్లికి సంబంధాలు చూసే పిల్ల ఫోటో అయితే ఇంక జాగ్రత్త. ఎక్కువ దిద్దితే మొఖం మారుతది, తక్కువ దిద్దితే తల్లిదండ్రులు మళ్ల వస్తరు. ఈ విద్యను ఏ కాలేజీ నేర్పలె. చీకటి గదిల ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్నరు. నేర్పినోనికి గురుదక్షిణ, రోజూ పొద్దుగాల దుకాణం ఊడ్చుడు.

1980ల తర్వాత కలర్ రోల్ జోరుగ వచ్చింది. అటెన్క ల్యాబులు వచ్చినయి. చీకటి గది స్టోర్‌రూమ్ అయింది. ఎల్లుండి ఇచ్చే ఫోటో సాయంత్రానికి వచ్చింది. అటెన్క డిజిటల్ వచ్చి అయిదు నిమిషాలకు దిగింది. డిజిటల్ కెమెరాను 1975లోనే కొడాక్ కంపెనీ ఇంజనీర్ స్టీవ్ సాసన్ తయారుచేసిండు. ఆ కొడాకే 2012 జనవరిల అమెరికాల దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. ప్రపంచాన్ని ఏలిన కంపెనీయే తట్టుకోలేని గాలిల, చిక్కడపల్లి గల్లీల ఒక మనిషి కంప్యూటర్ కొనుక్కొని, ఫోటోషాప్ నేర్చుకొని, పక్కకు ఒక జిరాక్స్ మిషన్ పెట్టుకొని నిలబడ్డడు. పాత విద్య చేతుల్ల ఉంచుకొని యాభై యేండ్ల వయసుల కొత్త విద్య నేర్చుకున్నడు. దీన్ని ఎవరూ సన్మానించలె.

దీన్‌దయాళ్ కథ చెప్పే నీతి

ఫోటో విద్యకు హైదరాబాద్ పాత అడ్డా. రాజా దీన్‌దయాళ్ 1844లో పుట్టిండు. రూర్కీల ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌ల కొలువు చేసుకుంట కెమెరా పట్టిండు. సికింద్రాబాద్‌ల స్టూడియో పెట్టిండు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫర్‌ను చేసి 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చిండు. పరదాల ఉండే ఆడోళ్ల కోసం 1890లల్ల ప్రత్యేకంగ జెనానా స్టూడియో నడిపిండు. అండ్ల తీసేది కూడ ఆడమనిషే. ఆయన 1905లో పోయిండు. రాజు అండ ఉన్నప్పుడు వెలిగిన ఆ దుకాణం ఆయన పోయినంక పలచబడ్డది.

ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఎక్కడున్నయి? ఢిల్లీల ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంల ఉన్నయి. 1989లో వాళ్లు సేకరించుకున్నరు. బతికించిన్రు, మంచిదే, దానికి దండం. కానీ ఆలోచించున్రి. మన పట్నం మొఖం చూసుకోవాలంటే మనం ఢిల్లీకి పోవాలె. ఇది రాజుల ఫోటోల సంగతి. మరి మామూలు జనం ఫోటోల సంగతేంది? ఏ కళా కేంద్రం వచ్చి మోసుకపోతది?

మేం చెప్పాల్నా? అవి కిలోల లెక్కన పోయినయి. నల్ల తెల్ల ఫిలింల వెండి ఉంటది. వాడిన హైపో నీళ్లల్ల కూడ వెండి ఉంటది. దాన్ని కొనుక్కపోయేటోళ్లు గల్లీ గల్లీ తిరిగిన్రు. ఇల్లు మారినప్పుడు, కిరాయి పెరిగినప్పుడు, పెద్దమనిషి మంచం పట్టినప్పుడు అటక మీది పెట్టెలు కిందికి దిగినయి. ఒక తరం జనం మొఖాలు పిడికెడు వెండి కోసం కరిగిపోయినయి. స్టూడియో ఆయన తప్పు ఏం లేదు. దాచుకొమ్మని చెప్పినోడు లేడు, దాచనీకె జాగ ఇచ్చినోడు లేడు.

ఉద్యోగి బతుకు రెండు ఫోటోల నడుమ

ఉద్యోగ మిత్రులు ఒక్కసారి యాది చేసుకోవాలె. మీ కొలువు ఎక్కడ మొదలైంది? దరఖాస్తు మూలకు అతికించిన పాస్‌పోర్టు సైజు ఫోటోతో. దాని మీద సగం, కాగితం మీద సగం పడేటట్టు గెజిటెడ్ ఆఫీసర్ సంతకం. ఎక్కడ ముగుస్తది? పింఛను కాగితాల మీద భార్యాభర్తలు కలిసి దిగిన జాయింట్ ఫోటోతో. ఈ రెండు ఫోటోల నడుమ ఉన్నదే నౌకరి. రెండు ఫోటోలూ తీసింది ఒక్కోసారి ఒకటే స్టూడియో, ఒకటే మనిషి.

మరి మొదటి ఫోటో దిగి రెండో ఫోటో దాంక రానోళ్ల సంగతి? తెలంగాణ ఉద్యమం పుట్టిందే ఆడ. స్థానికులకు కొలువులల్ల న్యాయం కోసం 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. వాటిని తొక్కి చేసిన నియామకాలను సరిచేస్తమని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చిన్రు. అమలు కాలె. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసిన్రు. నివేదిక వచ్చింది, బీరువాలకు పోయింది. ఆ యేండ్లల్ల ఈ స్టూడియోల మెట్లు ఎక్కి దిగిన పోరగాండ్ల లెక్క ఏ కమిషన్ తీయలె. కోటు లేనోనికి స్టూడియోల మేకుకు తగిలించిన కోటు. టై లేనోనికి ముడి వేసి ఉంచిన టై. ఒకటే కోటుల ఎంతమంది దిగిన్రో! ఆ కోటు తొడుక్కున్న అర నిమిషం ప్రతి పోరడు ఆఫీసరే. ఫ్లాష్ వెలిగినంక కోటు విప్పి మేకుకు తగిలించి, మళ్ల నిరుద్యోగి అయి బయటకు నడిచిండు.

దండ పడ్డ ఫోటో

2009 నవంబర్ 29 నుంచి ఈ రోడ్లు ఎట్ల మండినయో మీకు తెలుసు. డిసెంబర్ 9న ప్రకటన, 23న దాన్ని వెనక్కి గుంజుడు. మేం అప్పుడు డిగ్రీ చదువుకుంట ఈ రోడ్ల మీద నినాదాలిచ్చుకుంట తిరిగినం. చౌరస్తాల ఫ్లెక్సీలు వెలిసినయి. ఫ్లెక్సీ మీద ఒక పోరని మొఖం, చుట్టూ దండ బొమ్మ, కింద జోహార్ అమరవీరులకు. ఆ మొఖాన్ని జాగ్రత్తగ చూస్తే తెలిసేది, వెనుక నీలం పరదా. గదుమ కొంచెం పైకి. అది పాస్‌పోర్టు ఫోటో. కొలువు కోసం దిగిన ఫోటో.

ఊర్ల నుంచి ఇంటోళ్లు వచ్చి బిడ్డ ఫోటో అడిగితే ఇంట్ల వేరే ఫోటో ఎక్కడిది? దరఖాస్తుకు వాడంగ మిగిలిన రెండు కాపీలే మిగిలినయి. గోరంత ఫోటోను నిలువెత్తు ఫ్లెక్సీగ పెంచితే చుక్కలు చుక్కలుగ పగిలిపోతది. పగలకుండ సాఫు చేసి ఇయ్యాల్సింది కూడ ఈ ఫోటోగ్రాఫర్లే. పెండ్లిపిల్ల మచ్చలు దిద్దిన చేతులే అమరుని కండ్లు దిద్దినయి. ఆ రాత్రులు ఆ పనికి చాలామంది పైసలు తీసుకోలె. బందులల్ల దుకాణం మూసిన్రు. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ఇనుప కంచెలు దాటి ట్యాంక్‌బండ్ మీదికి పోయినోళ్లల్ల కెమెరా భుజాన ఉన్నోళ్లు కూడ ఉన్నరు. సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. ఉద్యోగులు జీతం వదులుకున్నరు, ఆ సంగతి అందరికీ తెలుసు. రోజు గిరాకీ మీద బతికే దుకాణం ఏం వదులుకున్నదో రాసినోళ్లు తక్కువ.

ఇక్కడ వరంగల్ బిడ్డ భరత్ భూషణ్ అన్నను తలుచుకోవాలె. బతుకమ్మను, తెలంగాణ ఇంటి గడపను, ఎండిన చెరువును, పల్లె ముసలవ్వ మొఖాన్ని కెమెరాల పట్టి, ఇది మా నేల అని చూపిచ్చినోడు. 2022 జనవరి 31న పోయిండు. రోగంతోని యేండ్ల తరబడి కొట్లాడుకుంట కూడ కెమెరా దించలె. పేరున్న ఆయనకే ఆఖరి యేండ్లు భారంగ గడిచినయి. పేరు లేని చిన్న స్టూడియో మనిషి సంగతి మేం వేరే చెప్పాల్నా?

రాష్ట్రం వచ్చినంక

2014 జూన్ 2న మన రాష్ట్రం మనకు వచ్చింది. ఆ రోజు రాత్రి పటాకుల వెలుతుర్ల తీసిన ఫోటోలు కూడ వీళ్ల దగ్గరనే ఉన్నయి. అటెన్క?

కాలం మారింది, ఒప్పుకుందాం. ఆధార్ ఫోటో ఆధార్ కేంద్రంల్నే తీస్తరు. పాస్‌పోర్టు ఫోటో పాస్‌పోర్టు కేంద్రంల్నే తీస్తరు. 'పాస్‌పోర్టు సైజు' అనే పేరే మిగిలింది, పాస్‌పోర్టుకు ఆ ఫోటోతో పనే లేకపోయింది. సర్వీస్ కమిషన్ దరఖాస్తుకు ఫోటో కంప్యూటర్ల ఎక్కించుడే, అతికిచ్చుడు లేదు. మెట్రో పనులు నడిచినన్ని యేండ్లు దుకాణాల ముందట రేకుల కంచె. 2020 ఫిబ్రవరిల చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లకు రైలు వచ్చింది, నెల తిరగంగనే కరోనా వచ్చింది. పెండ్లిండ్లు ఆగినయి, బడులు మూసినయి. 2023 ఆగస్టు 19న, సరిగ్గ ఫోటోగ్రఫీ దినం నాడే, ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాంక ఉక్కు వంతెన తెరిచిన్రు. ట్రాఫిక్ తిప్పలు తగ్గినయి, సంతోషం. కానీ బండ్లు పైనుంచి పోతే కింది బోర్డు ఎవరు చదువుతరు?

ఫోటో దిగిన పోరని సంగతి కూడ చూడున్రి. 2022 ఏప్రిల్‌ల 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌ల ప్రిలిమ్స్ పెట్టిన్రు, ప్రశ్నపత్రం లీకైందని 2023 మార్చిల రద్దు చేసిన్రు. జూన్‌ల మళ్ల పెట్టిన్రు. బయోమెట్రిక్ లాంటి నిబంధనలు పాటించలేదని సెప్టెంబర్‌ల హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చిన్రు. అదే యేడు అక్టోబర్‌ల మెయిన్స్ ముంగట అశోక్‌నగర్ పిల్లలు మళ్ల రోడ్డెక్కిన్రు. నియామకాల కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల, ఒక్క పరీక్ష సక్కగ పెట్టనీకె ఇన్ని యేండ్లా? ఏ పార్టీ గద్దె మీద ఉన్నా ఈ ప్రశ్న అడుగుడు మన హక్కు. ఉద్యమం నేర్పిన సోయి ఇదే గదా.

ఏం చేద్దాం?

గోస చెప్పుకొని ఇంటికి పోతే లాభం లేదు. పని మాట్లాడుకుందాం.

ఒకటి. మిగిలిన నెగెటివ్‌లను బతికియ్యాలె. ప్రతి పాత స్టూడియోల రిజిస్టర్ ఉంటది. నంబరు, పేరు, తారీఖు. కవరు మీద అదే నంబరు. అంటే ఇది పోగు కాదు, వరుసగ పేర్చిన దస్తావేజు. తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్ ఉన్నది. సర్కారు ఫర్మానాలకు జాగ ఉన్నప్పుడు జనం మొఖాలకు జాగ ఎందుకు ఉండొద్దు? ఈ మూడు వాడల నుంచే మొదలుపెట్టి స్కానింగ్ చేయించాలని సర్కారును అడుగుదాం. అంతదాంక అన్నలారా, పెట్టెలను రేకుల కప్పు కింద, తడి గోడ పక్కన పెట్టకున్రి. ప్లాస్టిక్ కవర్లు తీసి కాగితం కవర్లు వేయున్రి. పెట్టె తెరిస్తే సిర్కా వాసన వస్తే ఫిలిం పాడైతున్నట్టు గుర్తు. దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి, ముందుగాల దాన్నే స్కాన్ చేయాలె.

రెండు. ఫోటోకు పేరు పెట్టాలె. ఉద్యమ ఫోటోలు సభలల్ల, పుస్తకాలల్ల, ఫ్లెక్సీల మీద వాడుతున్నరు, తీసినోని పేరు ఉండదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పైసలిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నోనిది. ఎవరూ చెప్పకుండ, ఎవరూ పైసలియ్యకుండ తనంత తాను తీసిన ఫోటో తీసినోనిది. 2012 సవరణ తర్వాత ఆ హక్కు ఫోటోగ్రాఫర్ బతికినన్ని రోజులు, పోయినంక 60 యేండ్లు ఉంటది. మిలియన్ మార్చ్ నాడు సొంత రోల్, సొంత కార్డు ఖర్చుపెట్టి తీసినోనికి కనీసం ఫోటో కింద పేరు రాసుడు మర్యాద కాదు, బాకీ.

మూడు. చేతివృత్తులోనికి ఏ భద్రత అడుగుతున్నమో ఫోటోగ్రాఫర్‌కు అదే అడుగుదాం. ప్రమాద బీమా, వయసు మీద పడ్డోనికి పింఛను. చెయ్యి వణికితే ఫోటో కదులుతది, దుకాణం మూతపడుతది. దాని తర్వాత ఏం లేదు.

నాలుగు, ఇది విద్యార్థి తమ్ముళ్లకు, చెల్లెండ్లకు. మీ ఫోన్ల వేల ఫోటోలున్నయి. అండ్ల కాగితం మీద ఉన్నయి ఎన్ని? ఇంట్ల నాయన, అమ్మ, తాత ఫోటోలు తీయున్రి. వెనుక పెన్సిల్‌తో పేరు, ఊరు, యేడు రాయున్రి. పేరు లేని ఫోటో ముప్పై యేండ్లకు ఎవరిదో తెల్వని మొఖం అయితది. పండుగకు ఇంటికి పోయినప్పుడు ఈ ఒక్క పని చేస్తే మీ ఊరి చరిత్రల ఒక పేజీ రాసినోళ్లయితరు.

1969ల పడిపోయిన 369 మంది పేర్లు చెప్పుకుంటున్నం, స్తూపానికి పూలు పెడుతున్నం. వాళ్లల్ల ఎంతమంది మొఖాలు మనకు తెలుసు? మలిదశ ఉద్యమంల పోయిన పిల్లల మొఖాలు మనకు తెలుసంటే చిన్న స్టూడియోలే కారణం. ఈ యేడు డిసెంబర్ 9 లోపల, ఈ మూడు వాడల్ల మిగిలిన పాత స్టూడియోల జాబితా, వాటిల్ల ఉన్న నెగెటివ్ పెట్టెల లెక్క మనమే రాద్దాం. సాయంత్రం పూట ఇద్దరు విద్యార్థులు, ఒక ఉద్యోగి, ఒక ఫోటోగ్రాఫర్ కలిసి గల్లీకి ఒకరోజు తిరిగితే అయ్యే పని ఇది. ఆ జాబితా పట్టుకొనే ఆర్కైవ్స్ మెట్లు ఎక్కుదాం. రాదల్చుకున్నోళ్లు సభ అయినంక ఇక్కడనే పేర్లు రాయించి పోవాలె.

జై తెలంగాణ.